ఆయన పేరు మీద మానేసిన తాగుడు

నా నోరు మంచిది కాదని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని ఏరికోరి తాగుబోతులతో మెత్తగా మాట్లాడే ఉద్యోగంలో పెట్టారు. మాట్లాడటమంటే ఎదురుగా కూర్చుని కాదు. ఫోన్లో యాప్ మాట్లాడుతుంది, అది పలికే తెలుగు నేను రాస్తాను. ఈ రోజు మనసెలా ఉందని అది అడుగుతుంది. తాగాలనిపించిందా, ఎప్పుడనిపించింది, ఎవరు పిలిచారు, ఎలా కాదన్నారు అని అడుగుతుంది. జవాబులు చెప్పాక చిన్న పాఠం ఒకటి వినిపించి, బాగా చేశారని మెచ్చుకుని సెలవు తీసుకుంటుంది. ఆ మెచ్చుకోలు కూడా నాదే. ఇంట్లో ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు కానీ, జీతమిస్తారు కాబట్టి ఊళ్ళో తాగుబోతులందరినీ మెచ్చుకున్నాను.

ఆఫీసు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, మసాలా పొట్లాలు కట్టే ఒక చిన్న కంపెనీకి పైన. కింద వాళ్ళు మిరపకాయలు వేయించే రోజున పైన మేం దగ్గుకుంటూ, ముక్కులు తుడుచుకుంటూ తాగుడు మాన్పించేవాళ్ళం. మా బాస్ డాక్టరు చదివి ప్రాక్టీసు వదిలేసిన మనిషి. మధ్యలో ఇంకో మనిషి లేకుండా వైద్యం జరిగిపోవాలన్నది ఆయన పట్టుదల. కౌన్సెలర్లు అలిసిపోతారు, విసుక్కుంటారు, సెలవులు పెడతారు, యాప్ విసుక్కోదు అని మీటింగుల్లో నా వైపు చూస్తూ అనేవాడు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండేది. అంతకుముందు ఒక మానసిక వైద్యుడి దగ్గర కౌన్సెలర్‌గా చేసి, తాగుబోతుల మీద విసుక్కుని విసుక్కుని చివరికి ఈ పనిలోకి వచ్చాను మరి.

సికింద్రాబాద్ వైపు ఒక పెద్ద ఆసుపత్రితో మాకు ఒప్పందం కుదిరింది. తాగి తాగి లివర్ పోగొట్టుకున్నవాళ్ళకి అక్కడ లివర్ మారుస్తారు. దానికో షరతు ఉంది. ముందు ఆరు నెలలు చుక్క ముట్టకుండా ఉండి చూపించాలి. ఆ ఆరు నెలలూ పేషెంటు ఫోన్లో మా యాప్ ఉంటుంది. ఆఖర్న డాక్టర్లు కమిటీగా కూర్చుని రక్తపరీక్షలతో పాటు మా రిపోర్టు కూడా చూసి, ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది తేలుస్తారు. అంటే మేం చెప్పే మాటకి ఒకరి ప్రాణమంత విలువ ఉందన్నమాట. మా బాస్ ఈ సంగతి చెప్పేటప్పుడు మనిషి రెండంగుళాలు పొడుగు పెరిగేవాడు.

మేముండేది చిల్కానగర్‌లో, పైవాటాలో. కింది వాటాలో వదిన ఉండేది. బంధుత్వం ఏమీ లేదు. మాది గోదావరి జిల్లా, వాళ్ళది ఇక్కడే, జనగామ వైపు. దిగిన మొదటి వారంలోనే ఆమె నన్ను వదినె అనడం మొదలుపెట్టింది, నేను ఆమెను వదినా అన్నాను, ఆమె భర్త అన్న అయిపోయాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమె ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. ఏఎస్ రావు నగర్ నుంచి కూడా ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు, జాకెట్ మెడ అంత చక్కగా తిప్పేది.

అన్న తాగుతాడు. ఆ ఇంట్లో దిగేటప్పటికే తెలుసు, వీధి వీధంతా చెప్పింది. చెయ్యి చేసుకునేవాడు కాదు. నోరు. నా నోరు గురించి ఇంత చెప్పుకున్నానా, ఆయన నోటి ముందు నాది పసిపాప. పిల్లలు పుట్టని సంగతి, ఆమె పుట్టింటి అన్న పెళ్ళిలో తనకి మర్యాద చెయ్యని సంగతి, ఆమె నలుపు, ఆమె నడక, అన్నీ రోజూ ఒకే వరసలో వచ్చేవి. తాగిన నాలుక మడతపడి సగం మాటలు మాకు అర్థమయ్యేవి కావు. పొద్దున్నే మళ్ళీ బుద్ధిమంతుడిలా నన్ను చూసి బాగున్నవా చెల్లె అని పలకరించేవాడు. వదిన కూడా ఆ పొద్దుటి మనిషినే నమ్మేది. మనిషి మంచోడే, మందే గట్ల మాట్లాడిపిస్తది అనేది. మా యాప్ పాఠాల్లో నేనూ సరిగ్గా ఆ మాటే రాసి ఉన్నాను, కాకపోతే శాస్త్రీయంగా రాశాను.

రెండేళ్ళ కిందట ఆయనకి కడుపు ఉబ్బింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేరిస్తే లివర్ పూర్తిగా గట్టిపడిపోయిందని, మార్చకపోతే ఎక్కువ కాలం బతకడని తేల్చారు. చనిపోయినవాళ్ళ లివర్ కోసం పేరు రాయిస్తే వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఇంట్లో ఎవరైనా తమ లివర్లో ముక్క ఇస్తే పని అవుతుంది. పీర్జాదిగూడలో ఆయన తమ్ముడున్నాడు, అపార్ట్‌మెంట్లు కట్టించే మేస్త్రీ. అతను ఒకసారి వచ్చి, నిలబడే నీళ్ళు తాగి, బరువులెత్తే పని తనదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది వదిన. రక్తం గ్రూపు కలిసింది. కోసిన ముక్క మళ్ళీ పెరుగుతదంట గద వదినె, నాది ఇస్త, అంది నాతో. పక్కింటికి చక్కెర అప్పిచ్చినంత తేలిగ్గా అనేసింది. దణ్ణం పెట్టాలనిపించింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

ఇక ఉన్నది ఒక్కటే అడ్డు, ఆ ఆరు నెలలు. ఆయన తాగకుండా ఉంటే బతుకుతాడు, తాగితే పోతాడు. నేనే బాస్‌తో మాట్లాడి ఆయన్ని మా పేషెంట్లలో చేర్పించాను. ఫోన్లో యాప్ ఎక్కించి, ఎలా నొక్కాలో ఇద్దరికీ చూపించాను. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే తలాడించాడు. వదిన మాత్రం మిషను ఆపేసి వచ్చి, చేతులు కడుక్కుని మరీ ఫోన్ పట్టుకుంది.

నెల తిరక్కుండా ఆయన మా కంపెనీకి ముద్దుబిడ్డ అయ్యాడు. మిగతా పేషెంట్లు నాలుగు రోజులు నొక్కి వదిలేసేవాళ్ళు. ఈయన ఒక్క పూట తప్పించలేదు. పాఠాలు రెండేసిసార్లు వినేవాడు. తాగాలనిపించిందా అంటే లేదు. తాగారా అంటే లేదు. ఎప్పుడు మీకు బాగా కష్టంగా ఉంటుంది అన్న ప్రశ్నకి అందరూ సాయంత్రం అనో, స్నేహితులు పిలిచినప్పుడనో కొట్టి పారేస్తారు. ఈయన సొంతంగా రాశాడు. సాయంత్రం గేటు చప్పుడైనప్పుడు గుండెల దడ పుడ్తది, చేతులు ఆడవు, నోట్లె తడి ఉండదు అని. మా బాస్ ఆ జవాబు చదివి కుర్చీలోంచి లేచాడు. ఇంత నిజాయితీగా తన కోరికను చెప్పుకున్న పేషెంటు ఇంతవరకు లేడన్నాడు. ఆ జవాబుని తెర మీద వేసి పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించాడు. గేటు చప్పుడు వినగానే ఏం చెయ్యాలో ఒక కొత్త పాఠమే రాయించాడు నాతో. కళ్ళు మూసుకోండి, లోపలికి ఊపిరి పీల్చండి, ఈ క్షణం దాటిపోతుంది, అని నేను రాశాను. గేటు చప్పుడుకి తాగాలనిపించే తాగుబోతు ఎక్కడైనా ఉంటాడా అని ఆ ఆఫీసులో ఒక్క బుర్రకీ తట్టలేదు, చదువుకున్న బుర్రలు.

కింది వాటాలో కూడా గొడవ తగ్గింది. ఒంట్లో ఓపిక లేదు కదా, గొంతు లేచేది కాదు. పండుగరోజు ముఖాన విభూతి పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. నిజంగానే మానేశాడనుకున్నాం అందరం.

ఆరు నెలలు నిండాక కమిటీ పిలిచింది. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు డాక్టర్లు, ఇటువైపు అన్న, వదిన, మా బాస్, నేను. బాస్ తన కంప్యూటరు తెరిచి, తాగని రోజుల పచ్చగీతలు చూపించి చాలాసేపు మాట్లాడాడు. పెద్ద డాక్టరు అడ్డు చెప్పలేదు. ఆయన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, నీళ్ళు తాగనిచ్చి, అప్పుడు రక్తపరీక్ష కాగితం బల్ల మీద ఇటువైపు తోశాడు. గత కొన్ని వారాల్లో మనిషి తాగాడా లేదా చెప్పే పరీక్ష అది. తాగాడు. అప్పుడో చుక్క ఇప్పుడో చుక్క కాదు, రోజూ తాగాడు. వర్క్‌షాపు నుంచి వస్తూ ఉప్పల్ దగ్గర దిగి ఒక క్వార్టర్ తాగి, యాలకులు నమిలి, నోరు మూసుకుని ఇంటికొచ్చి పడుకునేవాడని తర్వాత తెలిసింది. గొంతు లేవకపోవడానికి కారణం అది.

మా బాస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మరి ఫోన్లో ఇదంతా ఎవరు చేశారని డాక్టరు అడిగాడు. అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాకేం తెల్వదు సార్. ఫోన్ దాని దగ్గర్నే ఉంటది. నేను సర్వీసుల ఉండంగ సస్తే నా నౌకరీ దీనికొస్తది. గందుకే నేను తాగేది మీకు తెల్వనియ్యక అబద్ధాలు రాసి పంపింది."

రైల్వేలో పనిచేస్తూ భర్త చనిపోతే భార్యకి ఉద్యోగం ఇస్తారు. ఆ గదిలో అందరికీ తెలిసిన సంగతే. అందరూ ఆమె వైపు తిరిగారు. తన లివర్ కోసి ఇవ్వడానికి వచ్చిన మనిషిని, హంతకురాలిని చూసినట్టు చూశారు. నా నోరు ఆ పూట ఎక్కడికి పోయిందో లేవలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని డాక్టరుకి జవాబు చెప్పింది.

"గుడిల ఆయన పేరు మీద అర్చన జేపిస్త సార్. ఆయన రాడు. పేరు, గోత్రం చెప్తే సాలు, పుణ్యం ఆయనకే పోతది. గిదీ గట్లనే అనుకున్న."

శనివారాలు ఆయన పేరు మీద ఉపవాసాలుంది. ఆయన పేరు మీద కొబ్బరికాయలు కొట్టింది. ఆయన పేరు మీదే తాగుడు కూడా మానేసింది. తాగుతున్న సంగతి నీకు తెలియదా అని డాక్టరు అడిగితే తెలుసంది. తాగలేదు తాగలేదు అని రోజూ నొక్కుతుంటే ఒకనాటికి నిజమవుతుందనుకుందట. పాఠం మాత్రం ఆయనకి వినబడేలా పెద్దగా పెట్టేదట, టీవీ చప్పుడు తగ్గించి. చిన్న డాక్టరొకడికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి ఫైల్లో తల దూర్చాడు. వాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది, ఎక్కడైనా కనబడితే నాలుగు దులుపుతాను.

మెట్ల మీద దిగుతూ గేటు సంగతి అడిగాను. ఆయన వచ్చేటప్పుడు గేటు తీస్తే ఆ చప్పుడుకి ఆమెకే దడ పుట్టేదట. ఎప్పుడు కష్టంగా ఉంటుందని ఫోన్ అంత మర్యాదగా అడిగింది, అన్నేళ్ళలో అలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు, అందుకని ఆ ఒక్కటి మాత్రం తనదే రాసిందట. మేం ఆ భయాన్ని తెర మీద వేసి పెట్టుబడులు తెచ్చుకున్నాం.

ఆఫీసుకి రాగానే బాస్ రెండు పనులు చేశాడు. మొదటిది, అన్న పేరు మా లెక్కల్లోంచి తీసేయించాడు. రెండోది, యాప్ తెరిచినప్పుడల్లా పేషెంటు తన ముఖం కెమెరాకి చూపించాల్సిందేనని మార్పించాడు. వదినని ఒక్కసారి కూడా మనిషిగా తలుచుకోలేదు, అనధికార యూజర్ అన్నాడు. ఆమె వల్ల మన ప్రొడక్టులో లోపం బయటపడింది, మంచిదే అని కూడా అన్నాడు. అలా మంచి చేసినందుకు ఆమెకి ఏమైనా ఇస్తారా అని అడిగాను. విననట్టు కిందికి వెళ్ళి టీ తాగాడు.

డాక్టర్లు ఆఖరి అవకాశం ఇచ్చారు. ఇంకో ఆరు నెలలు, ఈసారి మధ్య మధ్యలో చెప్పకుండా రక్తపరీక్షలు. ఈసారి అన్నకి చావు కళ్ళ ముందు కనబడింది. కడుపులోంచి నీళ్ళు తీయించుకుని మంచమెక్కినప్పుడల్లా నేను పోతనా చెల్లె అని నన్నే అడిగేవాడు. ఫోన్ తనే తీసుకున్నాడు. ముఖం చూపించి, కళ్ళద్దాలు పెట్టుకుని, నేను రాసిన పాఠాలు విన్నాడు. నిజంగా మానేశాడు. పరీక్ష చేసిన ప్రతిసారీ రక్తం శుభ్రంగా వచ్చింది. బాస్ ఆయన పేరు మళ్ళీ లెక్కల్లో కలిపించాడు.

తాగుడు పోయింది. తాగుడు పోయాక ఏం మిగిలిందో పైవాటాలోంచి నేను విన్నాను.

ఇదివరకు నాలుక మడతపడి సగం మాటలు తెలిసేవి కావు. ఇప్పుడు ప్రతి అక్షరం స్పష్టంగా వినబడేది. డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నారు, అందుకని ఉప్పు లేని కూడు పెట్టి సంపుతున్నవని పళ్ళెం తోసేసేవాడు. కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందే, చూడండమ్మా, నేనెప్పుడు పోతనా, నౌకరీ ఎప్పుడొస్తదా అని ఎదురుచూస్తుంది అనేవాడు. ఆమె నిద్రపోతే నిద్ర ఎట్లా పడుతోందనేవాడు, మేలుకుంటే కాపలా కాస్తున్నావా అనేవాడు. అదే వరస, పిల్లలు, నలుపు, నడక, పుట్టింటివాళ్ళు. చల్లగా, తీరిగ్గా, ఒక్క బూతు లేకుండా. ఒకసారి నేను కిందికి దిగి అడిగేశాను, నీకు లివర్ ఇచ్చే మనిషిని అలా అనడానికి నోరెలా వస్తోందన్నా అని. ఇస్తది, ఇయ్యక ఏం జేస్తది, పెండ్లాం గదా అన్నాడు. ఆ పూట ఆయన పోతే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

పాఠాల్లో ఇంట్లోవాళ్ళని నొప్పించిన సంగతులు గుర్తు చేసుకుని క్షమాపణ అడిగేది ఒకటుంది. ఎంతో కష్టపడి రాశాను దాన్ని. ఆయన విని, పూర్తయింది అని నొక్కాడు. యాప్ మెచ్చుకుంది. బాస్ దగ్గరికి వెళ్ళి, ఈ మనిషి తాగడం లేదు కానీ ఇంట్లో ఆమెని నమిలేస్తున్నాడు, దీన్ని మనం ఎక్కడ రాస్తాం అని అడిగాను. మనం కొలిచేది తాగుడు, సంసారం కాదు అన్నాడాయన. తప్పేం లేదు, ఒప్పంద పత్రంలో కూడా అలాగే ఉంది.

రెండో కమిటీ తొందరగా అయిపోయింది. అన్నీ సక్రమంగా ఉన్నాయన్నారు. అన్న ముఖం వెలిగింది. మా బాస్ అందరితో చేతులు కలిపాడు. ఇక ఇచ్చే మనిషితో ఒంటరిగా మాట్లాడటమే మిగిలింది. ఆ గదిలోకి మొగుడు, అత్తింటివాళ్ళు, స్నేహితులు ఎవరూ రాకూడదు. ఇష్టపడే ఇస్తున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని ఆమెని అడుగుతారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ఎక్కువసేపు పట్టలేదు. వదిన బయటికొచ్చి, పోదాం పా అంది. అన్నని పరీక్షల కోసం ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు, మేమిద్దరం ఉప్పల్ వైపు మెట్రో ఎక్కాం. ఆడవాళ్ళ పెట్టెలో కాలేజీ పిల్లలు నవ్వుకుంటున్నారు. తార్నాక దాటాక, కిటికీ వైపు చూస్తూనే చెప్పింది.

"ఇయ్యనని చెప్పిన వదినె."

నాకు అర్థం కాలేదు. రెండోసారి అడిగాను. అదే చెప్పింది. కారణం అడిగారట. కారణం చెప్పే పని లేదు, వద్దు అంటే చాలు అందట. మీరే రాశిన్రు గద పాఠంల, అంది నాతో. నేనే రాశాను. ఎవరైనా గ్లాసు చేతికిస్తే ఎలా కాదనాలో చెప్పే పాఠం అది. ఆయన పేరు మీద ఆమె దాన్ని చాలాసార్లు విన్నది. డాక్టరమ్మ కూడా మంచిదేనట. భయపడకు, నువ్వు ఇవ్వనన్నావని మీవాళ్ళకి చెప్పం, నీ లివర్ ఆయనకి సరిపోదని చెబుతాం, ఎప్పుడైనా మనసు మారితే వచ్చి చెప్పు అందట. పద్ధతే అది, అలాగే చేస్తారు.

నేను ఊరుకోలేదు. నా గొంతు లేచింది, పిల్లలు తిరిగి చూశారు. మనిషి చచ్చిపోతాడు వదినా, తెలుస్తోందా, ఇప్పుడు నిజంగా మానేశాడు కదా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"మానేశిండు, గందుకే. గిన్నేండ్లు మందే తిడ్తుందనుకున్న. మందు పోయినంక ఎర్కయింది, ఆయనే తిడ్తుండు."

ఆయన పోవాలని కోరుకున్నదాన్ని నేనే, మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా ఆ మాట పక్క సీట్లో కూర్చుని, నిమ్మళంగా, స్టేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే ఆమె పట్టుకున్న నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమెను చూస్తే భయమేసింది. ఆయన తాగి, అబద్ధాలాడి, తనని అందరిలో దొంగని చేసినప్పుడు ఇస్తానన్న మనిషి, ఆయన నిజంగా మానేసినప్పుడు ఇవ్వనంది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పని కూడా నేను చెప్పలేకపోయాను. ఉప్పల్లో దిగి, ఎప్పట్లాగే దారాలు కొనుక్కుని ఇంటికెళ్ళాం.

ఆసుపత్రివాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఆమె లివర్లో రక్తనాళాల అమరిక కుదరలేదని, ఇచ్చినా లాభం లేదని అన్నకి చెప్పి ఇంటికి పంపించారు. చనిపోయినవాళ్ళ లివర్ కోసం ఉన్న వరసలో ఆయన పేరు ఉంది, వంతు రాలేదు. మా బాస్ అయ్యో అన్నాడు. అయినా మన దాకా చూస్తే సక్సెస్సే కదా, ఆరు నెలలూ తాగలేదు కదా అన్నాడు. ఏ జన్మలో ఏ పాపం చేసుకుని ఈయన దగ్గర చేరానో అనుకుంటూ ఆ నెల రిపోర్టు రాశాను.

వారం తర్వాత ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి, ముఖం పీక్కుపోయింది. లోపల మిషను చప్పుడవుతోంది. నన్ను చూసి, కూసో చెల్లె అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి కింది వాటాలో గొంతు వినబడటం లేదని అప్పటికే గమనించాను. ఉప్పు లేని అన్నం తింటున్నాడు, పళ్ళెం తనే కడుగుతున్నాడు, ఆమె పడుకుంటే టీవీ ఆపేస్తున్నాడు.

"మీ వదిన ఏడుస్తలేదు గని లోపట మస్తు బాధ పడ్తుంది," అన్నాడు. "దానికి జర చెప్పు. దాని పానం కోసి ఇయ్యనీకి తయారైంది, దేవుడే ఇయ్యనియ్యలే. దాని తప్పేం లేదని చెప్పు. నేను చెప్తే ఏడుస్తనేమో అని చెప్తలేను."

చెబుతానన్నాను. లోపలికి వెళ్ళి, మిషను పక్కన కింద కూర్చుని, ఆయన అన్నది అన్నట్టుగా ఆమెకి చెప్పాను. గొంతు తగ్గించి ఇంకోటి కూడా చెప్పాను, మనిషి మారాడు వదినా, ఇంకా టైముంది, డాక్టరమ్మ ఎప్పుడైనా వచ్చి చెప్పమంది కదా అని. నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అంతటి మనిషి మీద నాకే జాలి పుట్టింది, ఆమెకి పుట్టదా అనుకున్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించి, కొస పళ్ళతో కొరికింది.

"ఇయ్యనీకి రాదనుకుంటుండు, గందుకే మంచిగుండు. ఇస్తనని తెల్సిందా, మళ్ళ షురూ జేస్తడు. అట్లనే అనుకోనీ."

మిషను మళ్ళీ మొదలుపెట్టింది. వాకిట్లో అన్న దగ్గుతున్నాడు. ఆషాఢం దాకా బతికాడు. అప్పటిదాకా చుక్క ముట్టలేదు, ఆమెను ఒక్క మాట అనలేదు. దేవుడే ఇవ్వనివ్వలేదని అనుకుంటూనే పోయాడు.